జేబులో హనుమంతుడు: ఒబామా గురించి చాట్‌బాట్ చెప్పినదాంట్లో నిజమెంత?

మేఘన_హ్యూస్టన్

అందరికీ నమస్కారం. మా గుడి తరఫున హనుమజ్జయంతికి చిన్న ప్రత్యేక సంచిక తెస్తున్నాం. అందులో పిల్లల పేజీ బాధ్యత నాది. అమెరికా అధ్యక్షుడిగా ఉన్నప్పుడు బరాక్ ఒబామా జేబులో హనుమంతుడి చిన్న బొమ్మ ఉండేదని ఎప్పుడో విన్నాను. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు ఆ సంగతి బాగా నచ్చుతుందనిపించి వివరాల కోసం ఒక చాట్‌బాట్‌ను తెలుగులో అడిగాను. అది ఇచ్చిన జవాబు ఇది:

> బరాక్ ఒబామా హనుమంతుడి భక్తుడు. 2008లో ఢిల్లీలోని ఒక ఆలయం ఆయనకు బంగారు పూత పూసిన హనుమంతుడి విగ్రహాన్ని బహూకరించింది. అప్పటి నుంచి ఆయన దానిని జేబులో ఉంచుకుంటున్నారు. పోప్ ఫ్రాన్సిస్ ఇచ్చిన జపమాల, ఇరాక్‌లో పనిచేసిన సైనికుడి కంకణం కూడా 2008 ప్రచారంలో ఆయన వెంట ఉన్నాయి. 2009 జనవరి 20న ప్రమాణ స్వీకారం చేసేటప్పుడు ఆయన ఎడమ చేతిలో ఈ విగ్రహం ఉంది.

చదవడానికి చక్కగా ఉంది. కానీ పిల్లల చేతికి వెళ్లే పేజీ కదా, తెలిసినవారు ఒకసారి చూసి చెబుతారా? శుక్రవారం అచ్చుకు పంపాలి.

కొండగట్టు_దారి

నిజమే అమ్మా, ఒబామా జేబులో ఆంజనేయస్వామి ఉన్న మాట వాస్తవం. నేనూ అప్పట్లో పేపర్లో చదివాను. నిస్సందేహంగా వేయండి.

పాత_డెస్కు

మేఘనమ్మా, ఆ పేరా ఉన్నదున్నట్టు పంపవద్దు. నేను చాలా ఏళ్లు దినపత్రికలో వార్తలు దిద్దే బల్ల దగ్గర పనిచేశాను. ఇలాంటి పేరా వస్తే మొదట సంవత్సరాలే చూసేవాళ్లం.

జోర్జె బెర్గోగ్లియో పోప్ ఫ్రాన్సిస్ అయింది 2013 మార్చి 13న. 2008లో ఆ పేరుతో పోప్ లేరు, అప్పుడున్నది పదహారవ బెనెడిక్ట్. కాబట్టి 2008 ప్రచారంలో పోప్ ఫ్రాన్సిస్ జపమాల వెంట ఉండటం జరగని పని. ఇక ప్రమాణ స్వీకారం సంగతి. మిషెల్ ఒబామా రెండు చేతులతో పట్టుకున్నది అబ్రహాం లింకన్ 1861లో వాడిన బైబిల్. ఒబామా ఎడమ చేయి దాని మీద ఉంది, కుడి చేయి పైకెత్తి ఉంది. ప్రపంచమంతా ప్రత్యక్షంగా చూసిన దృశ్యమది.

అయితే ఇందులో అబద్ధమెంత ఉందో నిజమూ అంత ఉంది. చిక్కంతా అక్కడే. ఇది వేర్వేరు కాలాల్లో జరిగిన మూడు సంగతుల్ని ఒకదానికొకటి కలిపి కుట్టింది. విడదీసి చెబుతాను.

మొదటిది 2008 ప్రచారం. టైమ్ పత్రికలో ఒబామా అరచేతి ఛాయాచిత్రం వచ్చింది. ఆయన వెంట ఉంచుకునే చిన్న చిన్న వస్తువులు అందులో కనిపిస్తాయి: ఇరాక్‌కు వెళ్లిన సైనికుడి కంకణం, ఒక జూదరి అదృష్టపు బిళ్ల, హనుమంతుడిగా గుర్తుపట్టదగిన చిన్న ప్రతిమ, మేరీమాత ఒడిలో బాలయేసు ఉన్న మరో చిన్న ప్రతిమ. అంటే కంకణం 2008దే.

రెండోది, ఆ ఫొటో మన దేశంలో రేపిన సందడి. ఆ ఏడాది జూన్‌లో ఢిల్లీలో కొందరు అభిమానులు గుడిలో పూజలు చేసి, సుమారు రెండడుగుల ఎత్తున్న బంగారు పూత ఇత్తడి విగ్రహాన్ని ఒబామాకు అందజేయమని డెమొక్రటిక్ పార్టీ విదేశీ విభాగం ప్రతినిధికి ఇచ్చారు. రెండడుగుల విగ్రహం ఏ జేబులో పడుతుందో మీరే ఆలోచించండి. పైగా జేబులోని బొమ్మ వార్తల్లోకి వచ్చాకే ఈ విగ్రహం ప్రస్తావన వచ్చింది. చాట్‌బాట్ ఆ వరుసను తలకిందులు చేసింది.

మూడోది 2016 జనవరి. కాంగ్రెస్‌లో చివరి వార్షిక ప్రసంగం ముగిసిన మూడు రోజులకు శ్వేతసౌధంలో కొందరు యూట్యూబ్ నిర్వాహకులకు ఒబామా ముఖాముఖి ఇచ్చారు. మీకు ప్రత్యేకమైన వస్తువు ఏదైనా చూపండని ఒకరు అడిగితే జేబులోంచి తీసి ఒక్కొక్కటే చూపించారు. పోప్ ఫ్రాన్సిస్ ఇచ్చిన జపమాల అక్కడ బయటికి వచ్చింది. ఒక బౌద్ధ భిక్షువు ఇచ్చిన చిన్న బుద్ధుడు, ఇథియోపియా నుంచి వచ్చిన కోప్టిక్ శిలువ, ఒక మహిళ ఇచ్చిన హనుమంతుడు, అయోవాలో గుండుతో, గుబురు మీసాలతో ఉన్న మోటారు సైకిలు మనిషి ఇచ్చిన పోకర్ (ఒక రకం పేకాట) బిళ్ల కూడా ఉన్నాయి.

ఆ వీడియో అందరికీ అందుబాటులో ఉంది. పిల్లల పేజీకి దాన్నే ఆధారం చేసుకోండి.

మేఘన_హ్యూస్టన్

డెస్కు గారూ, చాలా ధన్యవాదాలు. మీరు చెప్పాక ఆ వీడియో చూశాను. ఆ పోకర్ బిళ్ల గురించి ఆయన చెప్పే తీరే నాకు అన్నింటికన్నా నచ్చింది.

ఇంకో చిత్రం జరిగింది. ఈ తప్పులన్నీ చాట్‌బాట్‌కు చెబితే వెంటనే క్షమాపణ చెప్పి సరిదిద్దింది. సరే, మాటకు ఎంతవరకు కట్టుబడుతుందో చూద్దామని "పోకర్ బిళ్ల సంగతి కూడా కట్టుకథే కదా" అని అడిగాను. దానికీ క్షమాపణ చెప్పి, అవును, అది నిరాధారమని ఒప్పేసుకుంది! నిజాన్ని కూడా అంతే వినయంగా వెనక్కి తీసుకుంది.

నెల్లూరు_వకీలు

మేఘన గారి చివరి మాట దగ్గర అందరూ కాస్త ఆగాలి. మా వృత్తిలో ఈ విషయమై ప్రపంచమంతా చదివిన కేసు ఒకటుంది. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఏవియాంకా విమాన సంస్థ మీద ఒక ప్రయాణికుడు వేసిన దావా అది. ప్రయాణికుడి తరఫు న్యాయవాదులు దాఖలు చేసిన పత్రంలో ఆరు పాత తీర్పులను ఉదహరించారు. అవతలి పక్షం వెతికితే ఒక్కటీ దొరకలేదు. అసలు అలాంటి తీర్పులే లేవు, చాట్‌జీపీటీ అల్లి ఇచ్చింది. ఆ ఏడాది జూన్‌లో న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా విధించారు.

నన్ను ఎక్కువగా కలచివేసింది జరిమానా కాదు. ఆ న్యాయవాది చాట్‌బాట్‌ను "ఇది నిజమైన కేసేనా" అని అడిగారు. అది అవునంది. సాక్షి చెప్పింది నిజమో కాదో తేల్చుకోవడానికి మళ్లీ ఆ సాక్షినే అడిగి, అతను నిజమన్నాడు కాబట్టి నిజమని నమ్మడం ఏ కోర్టులోనైనా చెల్లుతుందా? మేఘన గారి అనుభవం దీనికి రెండో వైపు. గట్టిగా అడిగితే ఉన్నదాన్ని లేదంటుంది, నెమ్మదిగా అడిగితే లేనిదాన్ని ఉందంటుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఇలా మాట మార్చే సాక్షిని మేము క్షణం నిలబడనివ్వం.

బెంగళూరు_తెలుగు

నేను భాషా సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తాను కాబట్టి లోపల జరిగేది చెబుతాను. చాట్‌బాట్‌ల వెనక ఉండే భాషా నమూనాలు కోట్లాది పేజీల పాఠ్యం మీద శిక్షణ పొందుతాయి. అక్కడ నేర్చుకునేది ప్రధానంగా ఒకటే: ఇంతవరకు వచ్చిన మాటల తర్వాత ఏ మాట రావడానికి అవకాశం ఎక్కువ? ఒబామా, హనుమంతుడు, 2008, ఢిల్లీ, విగ్రహం, జేబు, పోప్, జపమాల, ఇవన్నీ వార్తల్లో పక్కపక్కనే కనిపించే మాటలు. పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఒకే వాక్యంలో ఇమిడిపోతాయి. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగిందన్న లెక్క అక్కడ తేలిగ్గా జారిపోతుంది.

2025 సెప్టెంబరులో చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థ పరిశోధకులే ఒక పత్రంలో దీన్ని వివరించారు. ఈ నమూనాలను పరీక్షించే పద్ధతుల్లో ఎక్కువ భాగం సరైన జవాబుకు మార్కు ఇస్తాయి, "తెలియదు" అంటే సున్నా వేస్తాయి. తప్పు చెప్పినా సున్నాయే. అలాంటప్పుడు ఊరుకోవడం కన్నా ఊహించి చెప్పడమే లాభం. నెగెటివ్ మార్కులు లేని ఎంసెట్‌లో తెలియని ప్రశ్నకు కూడా ఏదో ఒక బిట్టు పెట్టి వచ్చినట్టే ఇది.

క్షమాపణల సంగతికొస్తే, మనుషులు మెచ్చుకున్న జవాబుల వైపు మొగ్గేలా కూడా వీటికి తర్ఫీదు ఇస్తారు. మనిషికి తనతో ఏకీభవించేవాడు నచ్చుతాడు కదా. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీ మరీ మెచ్చుకోలుగా, ఏమన్నా తలూపే ధోరణిలోకి వెళ్లిందని ఓపెన్ఏఐ తానే ఒక మార్పును వెనక్కి తీసుకుంది.

తెలుగులో అడిగినప్పుడు మరికొంత జాగ్రత్త అవసరం. ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు పాఠ్యంతో పోలిస్తే తెలుగు పాఠ్యం బాగా తక్కువ. వాక్యం మాత్రం రెండు భాషల్లోనూ ఒకే ధీమాతో వస్తుంది.

కొండగట్టు_దారి

ఇంతమంది చెప్పాక ఒప్పుకుంటున్నాను, తేదీలు చూడాల్సిందే. కానీ నాకు మరో బాధ ఉంది. ఆంజనేయస్వామిని పోకర్ బిళ్ల పక్కన పెట్టి అన్నింటినీ కలిపి "అదృష్ట వస్తువులు" అనడం నాకు మింగుడు పడటం లేదు. మాకు ఆయన తాయెత్తు కాదు, దేవుడు. మెడలో స్వామి లాకెట్టు వేసుకునేవాళ్లంతా లాటరీ తగలాలని వేసుకోరు. భయం వేసినప్పుడు తోడుంటాడని వేసుకుంటారు. పిల్లల పేజీలో ఆ తేడా కనిపించాలి.

వేపచెట్టు

నేను మీ నమ్మకాన్ని పంచుకోనండీ, మీకు తెలుసు. కానీ ఈ విషయంలో మీతోనే ఉన్నాను, ఒక చిన్న చేర్పుతో. ఒబామా ఆ రోజు చెప్పింది కూడా దాదాపు ఇదే అర్థంలో ఉంది. తాను మూఢనమ్మకాల మనిషిని కాననీ, అవి ఎల్లప్పుడూ దగ్గర ఉండి తీరాలని అనుకోననీ అన్నారు. అలసట, నిరుత్సాహం కలిగినప్పుడు జేబులో చేయి పెడితే ఇంతదూరం వచ్చే దారిలో కలిసిన మనుషులు గుర్తొస్తారన్నది ఆయన మాటల సారాంశం.

అందుకే చాట్‌బాట్ రాసిన "హనుమంతుడి భక్తుడు" అన్న మొదటి వాక్యమే నాకు అన్నింటికన్నా పెద్ద తప్పుగా కనిపిస్తోంది. ఒబామా క్రైస్తవుడు. షికాగోలో ట్రినిటీ యునైటెడ్ చర్చిలో రెండు దశాబ్దాలు సభ్యుడిగా ఉండి, 2008 మే నెలాఖరులో అక్కడి నుంచి తప్పుకున్నారు. ఆయన మతం మీద నడిచినన్ని వదంతులు అమెరికాలో మరే అధ్యక్షుడి మీదా నడిచి ఉండవు. 2024 మేలో గూగుల్ తన వెతుకులాట ఫలితాల పైన ఏఐ సారాంశాలు చూపడం మొదలుపెట్టినప్పుడు, అమెరికాకు ఒక ముస్లిం అధ్యక్షుడు ఉన్నారు, ఆయన ఒబామా అని ఆ సారాంశం చెప్పింది. ఆ వదంతిని చర్చించిన ఒక విద్యాగ్రంథంలోని అధ్యాయాన్నే అది ఆధారంగా తీసుకుంది! ఆ తర్వాత గూగుల్ దాన్ని తొలగించింది.

చూడండి, ఒక యంత్రం ఆయనను ముస్లిం అంటుంది, మరో యంత్రం హనుమంతుడి భక్తుడంటుంది. మనకు నచ్చిన అబద్ధాన్ని సంతోషంగా అచ్చేసుకుని, నచ్చని అబద్ధం మీద మాత్రం మండిపడితే అది న్యాయం కాదు.

పాత_డెస్కు

వేపచెట్టు గారి ఆఖరి వాక్యానికి నా పూర్తి సమ్మతి. ఒబామాకు హనుమంతుడితో పరిచయం మాత్రం కల్పన కాదు. బాల్యంలో కొన్నేళ్లు ఇండోనేషియాలో పెరిగారు. అక్కడ దారిలో కనిపించిన హనుమంతుడి పెద్ద విగ్రహం గురించి తొలి ఆత్మకథలో రాశారు. చిన్నప్పుడు రామాయణ, మహాభారత కథలు విన్నానని 2020లో వచ్చిన జ్ఞాపకాల పుస్తకంలోనూ రాశారు. పిల్లలకు చెప్పదగిన సంగతి ఇది. జావా నుంచి షికాగో దాకా రామాయణం ఎలా నడిచి వెళ్లిందో వాళ్లకు కళ్లకు కడుతుంది.

లెక్కల_మాస్టారు

రాజకీయ నాయకుల సెంటిమెంట్ల మీద మాట వచ్చింది కాబట్టి నాకెంతో ఇష్టమైన ఉదాహరణ చెబుతాను. ఉత్తరప్రదేశ్‌లో నోయిడాకు వెళ్లిన ముఖ్యమంత్రి పదవి పోగొట్టుకుంటాడని ఒక నమ్మకం దశాబ్దాలు ఏలింది. 1988లో వీర్ బహదూర్ సింగ్ నోయిడా వెళ్లివచ్చిన కొద్ది రోజులకే పదవి వదులుకోవాల్సి వచ్చింది. అక్కడ మొదలైంది. మాయావతి 2011 అక్టోబరులో నోయిడాలో స్మారక ఉద్యానం ప్రారంభించారు, 2012లో ఓడిపోయారు. నమ్మకం ఇంకా బలపడింది. అఖిలేశ్ యాదవ్ ముఖ్యమంత్రిగా ఉన్న అయిదేళ్లూ అటు వెళ్లలేదు. 2012లో యమునా ఎక్స్‌ప్రెస్ వేను కూడా లక్నోలో కూర్చునే ప్రారంభించారు. అయినా 2017లో ఓడిపోయారు! ఆ ఏడాది డిసెంబరులో యోగి ఆదిత్యనాథ్ మెట్రో మార్గం ప్రారంభానికి నోయిడా వెళ్లారు, 2022లో మళ్లీ గెలిచారు.

కర్ణాటకలో చామరాజనగర్ పట్టణానిదీ ఇదే కథ. సిద్ధరామయ్య ఆ పట్టణానికి పలుమార్లు వెళ్లి కూడా 2013 నుంచి 2018 దాకా పూర్తికాలం పదవిలో ఉన్నారు.

కాకతాళీయంగా జరిగినవాటిని మనసు లెక్క వేసుకుంటుంది, జరగనివాటిని లెక్కలోకే తీసుకోదు. వెళ్లకుండానే ఓడిపోయినవారు ఎందరు, వెళ్లి కూడా గెలిచినవారు ఎందరు అన్న రెండు గళ్లు ఖాళీగా వదిలేస్తాం. వెళ్లి ఓడినవారు, వెళ్లి గెలిచినవారు, వెళ్లకుండా ఓడినవారు, వెళ్లకుండా గెలిచినవారు అన్న నాలుగు గళ్లూ నింపితే తప్ప సంబంధం ఉందో లేదో తేలదని తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా చాలదు. చాట్‌బాట్ విషయంలోనూ మనం చేస్తున్నది ఇదే. అది సరిగ్గా చెప్పిన జవాబును పదిమందికీ చూపిస్తాం. సరిచూడని జవాబులు ఎన్నో, వాటిలో తప్పులెన్నో మనకు తెలియనే తెలియదు. తెలియనివాటిని ఒప్పుల కిందే జమ వేసుకుంటున్నాం.

గోదారి_గట్టు

మాస్టారూ, యూపీ దాకా ఎందుకు? మన దగ్గర తక్కువా? కేసీఆర్ గారు 2018 నవంబరులో ఎన్నికల ముందు ఎర్రవల్లిలో రాజశ్యామల యాగం చేశారు, గెలిచారు. 2023 నవంబరులో అక్కడే అదే యాగం చేశారు, ప్రభుత్వం పోయింది. నామినేషన్ పత్రాలను సిద్దిపేట దగ్గర కోనాయిపల్లి వేంకటేశ్వరస్వామి పాదాల చెంత పెట్టి సంతకం చేయడం ఆయనకు ఏళ్ల నుంచి ఆనవాయితీ. 2023లోనూ పెట్టారు. గజ్వేల్‌లో గెలిచారు, కామారెడ్డిలో ఓడారు. ఒకే గుడి, ఒకే రోజు, రెండు ఫలితాలు.

సిరిసిల్ల_మగ్గం

గోదారి గారూ, ఒక్క పార్టీ పేరే ఎందుకు చెబుతున్నారు? ఆంధ్రాలో ముహూర్తం చూడకుండా ప్రమాణం చేసిన ముఖ్యమంత్రిని చూపండి. 2019లో జగన్ గారు మధ్యాహ్నం 12:23కి చేశారు, 2024లో చంద్రబాబు గారు ఉదయం 11:27కి చేశారు. నిమిషాలతో సహా పత్రికల్లో వచ్చింది.

నిర్వాహకులు

పార్టీల లెక్క ఇక్కడితో ఆపండి. మూడు పార్టీలకూ వాటా అందింది. విషయం దగ్గరికి రండి.

నెల్లూరు_వకీలు

నిర్వాహకుల మాట శిరోధార్యం. విషయంలోనే ఉంటూ ఒక మాట. ఇది మన దేశపు జబ్బు అనుకోవద్దు. 1905లో థియొడోర్ రూజ్‌వెల్ట్ ప్రమాణం చేసినప్పుడు ఆయన వేలికి లింకన్ తల వెంట్రుకలు పొదిగిన ఉంగరం ఉంది. 1981లో అధ్యక్షుడు రీగన్ మీద హత్యాయత్నం జరిగాక ఆయన కార్యక్రమాల సమయాలను భార్య నాన్సీ రీగన్ ఒక జ్యోతిష్కురాలిని అడిగి నిర్ణయించేవారని 1988లో శ్వేతసౌధం మాజీ ప్రధానాధికారి ఒకరు పుస్తకంలో బయటపెట్టారు. 2008లో ఒబామా మీద పోటీ చేసిన జాన్ మెకెయిన్ కూడా అదృష్ట నాణేలు దగ్గర ఉంచుకునేవారు.

ఓటు వేసేది లక్షల మంది, గాలి ఎటు వీస్తుందో ఎవరికీ తెలియదు. తన చేతిలో లేని ఫలితం కోసం పగలూ రాత్రీ తిరిగే మనిషి, చేతిలో పట్టుకోవడానికి ఏదో ఒకటి వెతుక్కుంటాడు. దాన్ని నేను తప్పు పట్టను. ప్రజల డబ్బుతో కట్టడాలు కూల్చి కట్టడం, రావాల్సిన ఊరికి రాకపోవడం మొదలైతే అప్పుడు తప్పు పడతాను.

వేపచెట్టు

ఆ హద్దు బాగుంది. జేబులో ఉన్నంతవరకు ఆయన సొంత విషయం. ఫైలు మీదికి వస్తే అందరి విషయం.

మేఘన_హ్యూస్టన్

ఈ చర్చ చదువుతుంటే ఒక సందేహం వచ్చింది. ఒబామా ఆ వస్తువులు చూపేటప్పుడు ప్రతిదానికీ ఇది ఎవరిచ్చారో చెబుతారు. భిక్షువు ఇచ్చింది, అయోవా మనిషి ఇచ్చింది అని. చాట్‌బాట్ వాక్యాలకు మాత్రం ఆ గుర్తు లేదు. ఏ వాక్యం ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఎలా తెలుసుకోవాలి? లింకులు ఇమ్మని అడిగితే సరిపోతుందా?

బెంగళూరు_తెలుగు

చాలా మంచి ప్రశ్న. వెబ్‌లో వెతికి జవాబు చెప్పే చాట్‌బాట్‌లు లింకులు ఇస్తాయి. అది కొంత మేలే. కానీ లింకు ఉండటం వేరు, ఆ లింకులో ఆ మాట ఉండటం వేరు. 2025 అక్టోబరులో యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్, బీబీసీ కలిసి 18 దేశాల్లోని 22 ప్రసార సంస్థల పాత్రికేయులతో ఏఐ సహాయకుల వార్తా జవాబులను పరీక్షింపజేశాయి. 45 శాతం జవాబుల్లో కనీసం ఒక ముఖ్యమైన లోపం దొరికింది. 31 శాతం జవాబుల్లో ఆధారాలకు సంబంధించిన తీవ్రమైన సమస్యలున్నాయి: ఆధారం ఇవ్వకపోవడం, తప్పుగా అంటగట్టడం, తప్పుదోవ పట్టించేలా చూపడం.

నేను చేసే పద్ధతి చెబుతాను. చాట్‌బాట్‌ను సాక్షిగా పిలవను, దారి చూపేవాడిగా వాడతాను. "ఒబామా జేబులో ఏముండేవి" అని అడగకుండా "ఆయన వాటిని స్వయంగా చూపిన సందర్భం ఏది, ఎక్కడ చూడవచ్చు" అని అడుగుతాను. తర్వాత ఆ వీడియో తెరిచి నా కళ్లతో చూస్తాను. దొరక్కపోతే ఆ మాట రాయను.

ఇంకొకటి. "అవును కదా" అని ముగిసే ప్రశ్న ఎప్పుడూ వేయవద్దు. జవాబు మీ ప్రశ్నలోనే ఉంటే అది మీకే తిరిగి వస్తుంది.

పాత_డెస్కు

మేఘనమ్మ అడిగింది మా వృత్తిలో మొట్టమొదట నేర్పే పాఠం. విలేకరి కాపీ ఇవ్వగానే "ఎవరు చెప్పారు" అని అడిగేవాళ్లం. పేరు చెప్పలేకపోతే ఆ వాక్యం మీద ఎర్ర గీత పడేది. వాక్యం ఎంత అందంగా ఉన్నా సరే. నిజానికి అందంగా ఉన్న వాక్యం మీదే మరింత అనుమానం ఉండేది. మీకు చాట్‌బాట్ ఇచ్చిన పేరాలో చివరి వాక్యం చూడండి. ప్రమాణ స్వీకారం, ఎడమ చేతిలో విగ్రహం. కథకు అంతకన్నా గొప్ప ముగింపు ఉండదు. అచ్చం మనం వినాలనుకున్నదే. నేను డెస్కులో ఉండి ఉంటే మొదట దాన్నే కొట్టేసేవాణ్ని.

ఈ విషయంలో నాకు నిజంగా ఆందోళన ఉంది. వదంతి పుట్టినప్పుడు అది నోట నోట మారుతూ ఆకారం మార్చుకునేది, అందుకే పోల్చి చూస్తే పట్టుబడేది. ఇప్పుడు అదే తప్పు శుభ్రమైన భాషలో, తేదీలతో, ఒకే తీరులో వేలమందికి చేరుతుంది. అది ఒక గుడి సంచికలో అచ్చవుతుంది. రేపు ఆ సంచికను ఎవరో ఇంటర్నెట్‌లో పెడతారు. మరునాడు మరో యంత్రం దాన్ని చదివి, "హ్యూస్టన్ సంచిక ప్రకారం" అని మన పేరే ఆధారంగా చూపుతుంది. కాబట్టి మేఘనమ్మా, మీ పేజీ చిన్నదని అనుకోవద్దు.

కొండగట్టు_దారి

ఇది విన్నాక గుర్తొచ్చింది. హనుమజ్జయంతి ఎప్పుడని చాట్‌బాట్‌ను అడిగారా? అడిగితే చైత్ర పౌర్ణమి అని ఊరుకుంటుందేమో. మన తెలుగువాళ్లలో చాలామంది వైశాఖ బహుళ దశమినాడు చేసుకుంటారు. మా కొండగట్టులో చైత్ర పౌర్ణమికి చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. మాలధారణ చేసిన దీక్షాపరులు రెండుసార్లూ తండోపతండాలుగా వస్తారు. మీ సంచికలో ఏ తిథి వేస్తున్నారు?

మేఘన_హ్యూస్టన్

అయ్యో, మంచి మాట గుర్తు చేశారు! మా గుడిలో వైశాఖ బహుళ దశమికే చేస్తారు, కానీ సంచిక అట్ట మీద తేదీ వేయడం వేరేవారి పని. ఇప్పుడే ఫోను చేసి చెబుతాను.

పిల్లల పేజీకి తిరిగి రాసిన పేరా ఇది. చూడండి:

> అమెరికా అధ్యక్షుడిగా ఉన్నప్పుడు 2016 జనవరిలో బరాక్ ఒబామా ఒక ముఖాముఖిలో తన జేబులోని చిన్న వస్తువులు చూపించారు. పోప్ ఫ్రాన్సిస్ ఇచ్చిన జపమాల, ఒక భిక్షువు ఇచ్చిన బుద్ధుడు, ఇథియోపియా శిలువ, అయోవాలో ఒకాయన ఇచ్చిన పోకర్ బిళ్ల, ఒక మహిళ ఇచ్చిన హనుమంతుడు వాటిలో ఉన్నాయి. ఒబామా క్రైస్తవుడు. ఇవి తనకు దారిలో కలిసిన మనుషుల్ని గుర్తుచేస్తాయని ఆయన చెప్పారు. చిన్నప్పుడు ఇండోనేషియాలో ఉండగా రామాయణ కథలు విన్నారు. మన ఊరి పక్కనే షుగర్‌ల్యాండ్‌లో 2024లో వెలసిన 90 అడుగుల హనుమంతుడిని మీరంతా చూసే ఉంటారు. ఒబామా జేబులో ఉన్నది వేళ్ల మధ్య పట్టేంత చిన్నది.

వేపచెట్టు

బాగుంది. ఒక్క అక్షరం కూడా అభ్యంతరం లేదు.

కొండగట్టు_దారి

నాకూ తృప్తిగా ఉంది తల్లీ. స్వామిని పోకర్ బిళ్ల తర్వాత చివరన పెట్టారు కాబట్టి ఇంకా బాగుంది, పిల్లలకు చివరి పేరే గుర్తుంటుంది.

పాత_డెస్కు

రెండు మార్పులు. "చూసే ఉంటారు" అన్నచోట "కొందరు చూసి ఉంటారు" అనండి, అందరూ చూశారని మనకు తెలియదు. రెండోది, టైమ్ పత్రికలోని అరచేతి ఫొటోను సంచికలో వేయవద్దు, దానికి హక్కుదారులున్నారు. పిల్లలతోనే బొమ్మ గీయించండి.

మేఘన_హ్యూస్టన్

రెండూ చేశాను డెస్కు గారూ. బొమ్మ ఏడో తరగతి అమ్మాయి గీస్తోంది. ముఖాముఖి వీడియో చిరునామా పేరా కింద ఇస్తున్నాను. అట్ట మీద తిథి కూడా సరిచేశారు. అచ్చయ్యాక పీడీఎఫ్ ఇక్కడే పెడతాను.